జొన్న కూసున్న చోటు

పెనం మీద రొట్టె లెక్క
బ్యాటరీ పొంగింది.
ట్యాబు వీపు విచ్చుకున్నది.
కరోనా నాడు క్లాసుల కోసమని కొన్నరు.
క్లాసులను ఎన్నడో మరిచింది,
మా ఊరిని మాత్రం మోసుకుంటనే ఉన్నది.

మా ఊరంటే కొల్లాపురం కాదు.
దాని లోపల అన్నా నేనూ కట్టుకున్నది.
పేరు పెట్టలే, ఆ పని పడలే.
ఇక్కడ మాకు ఒక్కటే అర్ర, అక్కడ పదకొండు.
కొల్లాపురానికి రాని రైలు అక్కడికొచ్చింది.
పట్టాలన్నీ అన్న పరిచిండు,
స్టేషను నేను కట్టిన,
టికెట్లిచ్చే మనిషి లేడని
ఒక గొర్రెను నిలవెట్టినం.

గౌసన్న దుకాణం బస్టాండు ఎదురుంగ.
మామిడికాయల లారీ పోయినప్పుడల్లా
అద్దాల బీరువా వణుకుతది.
స్క్రూలు సీసా మూతల పోసి
రెండు తీగలు తాకిచ్చి
"కదలకు" అన్నడు,
నాతోనో, ట్యాబుతోనో.
వెలిగింది.

"యాడున్నదో తెలుసా?"
తెల్వదు. నాలుగేండ్లు అండ్ల తిరిగిన గానీ
అది యాడ ఉంటదని ఎన్నడు అడగలే.
ఫోల్డర్ల ఫోల్డర్, దాని లోపల ఇంకొకటి,
ఆఖర్న, అర్థం కాని అంకెల పేరుతోటి
మా ఊరు.
మూడు వందల పన్నెండు ఎంబీలు.
గంతేనా అని అడిగిన.
"పెండ్లి వీడియోలే బరువుంటయి బిడ్డా" అన్నడు
ఓదార్చినట్టు.

నీలం గీత పాకుతున్నది.
నలభై. నలభై ఒకటి.
చాయ ఊదుకుంట గౌసన్న చెప్పిండు:
డ్యాము నీళ్లు వస్తున్నయంటే
మా తాత గుడి రాళ్లకు నంబర్లేసిండు,
తెల్ల రంగు, సన్న కుంచె,
రాయికొక అంకె.
ఒక్క రాయి తప్పిపోలే.
గబ్బిలాలే రాలే.

తొంభై తొమ్మిది కాడ
చానాసేపు ఆగింది.

అమ్మ ఫోన్ల తెరిస్తే
అన్నీ వచ్చినయి. పదకొండు అర్రలు,
పట్టాలు, గొర్రె,
గోడకు పెట్టిన దీపాలు, ఒక్కటి ఆరకుంట.
నేనే రాలే.
సంచి ఖాళీ. ఒట్టి చేతులతోటి
మా ఇంటి ముంగట నిలవడ్డ
చుట్టమోలె.

గడప కాడ జొన్న కూసున్నది.
బొక్కలేసి అన్న మాలిమి చేసిన కుక్క.
లెమ్మంటే లేస్తది, రమ్మంటే ఎంబడి వస్తది.
లెమ్మన్న.
తలకాయ పక్కకు వంచి చూసింది,
లేవలే.

"ఫైలు మంచిగనే ఉన్నది,
కుక్క పట్టా మారలే.
ఇంక కురుమూర్తి పేరు మీదనే ఉన్నది" అని
గౌసన్న వంద తీసుకొని
ఇరవై వాపసిచ్చిండు.

అన్న షాద్‌నగర్ల, కంపెనీ, రాత్రి డ్యూటీ.
ఆట బందు వెట్టి రెండేండ్లు.
ఫోన్ చేసిన.
కరెంటు బిల్లు, అమ్మ మోకాలు,
ఇంటి కిరాయి అన్నీ అయినంక
"జొన్న లేస్తలేదన్నా" అని చెప్పిన.
వెనక మిషన్లు మోగుతున్నయి.
ఏమనుకున్నడో.
"పంపు" అన్నడు.

పంపుడంటే ఇచ్చుడు కాదని
అప్పుడు తెలిసింది.
నాది నా కాడనే ఉన్నది,
ఆయన కాడికీ పోయింది.
ఇప్పుడు రెండు ఊర్లు, రెండు స్టేషన్లు,
టికెట్లిచ్చే గొర్రెలు రెండు.
అసలుది ఏదని అడిగితే
నేను చెప్పలేను.

ఆ రాత్రి మా ఊర్ల వాన వడ్డది.
బయట కొల్లాపురంల ఆకు కదుల్తలేదు.
ఫోన్ల మాత్రం ఒక్కటే వాన.
జొన్న తడుసుకుంట కూసున్నది.
చెట్టు కొట్టి, పలకలు చేసి,
దాని నెత్తి మీద కప్పు వేసిన.
ఒక పక్క వంకర వచ్చింది.
ఒట్టి చేతులతోటి కట్టిన మొదటిది.

తెల్లారగట్ల మూడింటికి
అన్న మెసేజ్, ఒక్క మాట:
"లేసింది."

నా జొన్న దిక్కు చూసిన.
వాన ఇంకా పడుతున్నది.
కప్పు కింద
పొడి పొడిగ ఉన్నది.