మొండి లెక్క

ఎనిమిదివేల నూట తొంభై ఒకటి.
అంకీసా కల్లానికి ఆ పొద్దు వచ్చిన తునికాకు కట్టలు.
మూడుసార్లు లెక్కబెట్టాను,
వేళ్ళకు ఆకు పసరు, గోళ్ళల్లో గోదారి ఇసుక.

పదమూడు ఇండ్లు కలిసి తెంపిన ఆకు.
ఇంటికి ఆరువందల ముప్పై.
ఒకటి మిగిలింది.
మడావి అన్నదమ్ములు వేరుపడ్డారు కదా,
పద్నాలుగు చేయమన్నారు. చేశాను.
ఒకటి మిగిలింది.
ఏడుకు, తొమ్మిదికి, పదికి,
ఎట్లా పంచినా అదే ఒక్కటి
పిలవని చుట్టంలా గడపలోనే కూర్చుంది.
పదకొండుకు పంచితే మాత్రం ఏడు మిగిలాయి,
అప్పుడు నాకు కొంచెం ధైర్యం తప్పింది.

ఠేకేదారు ఫోనులో నవ్వాడు:
"నూటికి అయిదు కొసరు తీసేవాడివి,
ఒక్కటి కొట్టెయ్యలేవా మున్షీ?"

బడి నుంచి ఝాడే గురూజీ వచ్చాడు,
ట్రాక్టరు టైరు మీద కూర్చుని పుల్లతో ఇసుకలో గీశాడు.
తొంభై వరుసలు, వరుసకు తొంభై.
పక్కన ఇంకో తొంభై.
ఆ పక్కన ఒకటి.
"తొంభై దాటి వెతకకు" అన్నాడు,
"దీన్ని పగలగొట్టేది ఉంటే ఈలోపే ఉండాలి.
పైగా ఇది రెండును పదమూడుసార్లు వేసి గుణించి
ఒకటి తీసేస్తే వచ్చింది.
ఇరవై ఆరు ఎక్కానికి ఒకటి కలిపి చూసుకో.
ఇరవై ఏడు మూడు కడుపున పుట్టిందే, వదిలెయ్.
ఇక యాభై మూడు, డెబ్బై తొమ్మిది.
రెండే తలుపులు తట్టు."

తట్టాను.
యాభై మూడు దగ్గర ఇరవై తొమ్మిది మిగిలాయి.
డెబ్బై తొమ్మిది దగ్గర యాభై నాలుగు.
ఎవరూ తలుపు తీయలేదు.

ఆయన మరాఠీలో దాన్ని మూళ్ సంఖ్య అన్నాడు, అంటే వేరు.
అవతలి ఒడ్డున నేను చదివిన రెండేళ్ళలో
ప్రధాన సంఖ్య అని రాయించారు, అంటే పెద్దది, ముందు నడిచేది.
ఒకే లెక్కకు
ఈ ఒడ్డున మట్టి కింద చోటు,
ఆ ఒడ్డున పల్లకీ.
ఆత్రం పోచక్క రెండూ విని
తుపుక్కున ఉమ్మింది:
"మొండిదనరాదుండ్రి."

నిజమే. దీన్ని చదరంగా పేర్చలేవు.
ఒకే ఒక్క వరుస పెట్టాలి,
కల్లం దాటి, బస్సు ఆగేచోటు దాటి,
ఏటి ఇసుకలోకి పోవాలి ఆ వరుస.
ఒకటి, తను. మూడో పొత్తు లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఈ రిజిస్టరులో
ఎన్ని ఒక్కటిలు కొట్టేశానో.
ఎవరి చెయ్యి గీరుకుపోయి తెచ్చినవో,
లెక్క సాఫీగా ఉండాలని.

ఉత్తరాన మబ్బు పట్టింది.
టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని
ఎనిమిదివేల నూట తొంభై ఒకటి అని అక్షరాల్లో రాశాను,
అంకె అయితే దిద్దుతారని.

లేచి చూస్తే పోచక్క
వరుసల చివర, విడిగా పడున్న ఆ కట్ట దగ్గర వంగి ఉంది.
డెబ్బై ఆకులు.
అటు తిరగేసి పెడుతోంది.
"ఒక్క దిక్కే ఎండితే
బూజు పడ్తది బిడ్డా."