చేతిలో ఒకటి

పద్దుల పుస్తకం మొదటి పేజీలో
ఓడిల్ రాసిన మాట ఒకటే: బిడ్డ.
దాని కింద గీత. గీత కింద అన్నీ అంకెలే.

ఇల్లు చూసి రిపోర్టు రాసే ఆమెకి పద్ధెనిమిది వందలు.
వేలిముద్రలకి ఇద్దరికీ కలిపి తొంభై.
దొంగలం కామని ఒప్పించడానికి
చేతులకి సిరా పూసుకుని, డబ్బూ మేమే కట్టాం.
డాక్టరు, నోటరీ, పొగ వస్తే అరిచే గంటలు,
ఇంకా ఎవరూ పాకని మెట్లకి అడ్డంగా ఒక చిట్టి తలుపు.
వకీలుకి ఎంతో వకీలే చెప్పలేదు.
అక్కడ పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం.

పన్నులో కొంత వెనక్కి వస్తుందట, వచ్చే ఏడు.
ముందు కట్టినవాళ్ళకి కదా వెనక్కి వచ్చేది!

ఫోర్ట్ కెంట్‌లో చలి అక్టోబరుకే గుమ్మంలో నిలబడుతుంది.
బంగాళాదుంపల కోత మూడు వారాలు
పగలు లారీ తోలాను, రాత్రి గోదాములో దుంపలేరాను.
నాన్న వదిలిపోయిన మంచుబండి అమ్మేశాను.
కొన్నవాడు బేరమాడలేదు.
ఎందుకమ్ముతున్నానో వాడికి తెలుసు,
అదే ఎక్కువ గుచ్చుకుంది.

చర్చి హాల్లో విందు పెట్టింది మా వదిన జెర్మెయిన్.
తిరగెయ్యకుండా ఒక పక్కే కాల్చే మా పల్చటి అట్లు,
ప్లేటు ఎనిమిది డాలర్లు.
ముసలి ఆల్సీడ్ రెండట్లు తిని
ఇరవై ప్లేట్ల డబ్బు బల్ల మీద పెట్టాడు.
"మిగతావి పళ్ళొచ్చాక బిడ్డ తింటుందిలే."

మార్చిలో ఫోనొచ్చింది.
పోర్ట్‌లండ్‌లో ఒక అమ్మాయి, పంతొమ్మిదేళ్ళు, నెలలు నిండాయి.
నాలుగు నెలలుగా ఆమె గది అద్దె మాదే.
ఐదు గంటలు కారులో వెళ్ళాం, వెనక సీట్లో చిన్న సీటు బిగించుకుని.
బిడ్డని ఒక్కసారి ఎత్తుకుంది, ఇవ్వనంది.
ఇస్తుందా ఎవరైనా, ఎత్తుకున్నాక?
తిరిగొస్తుంటే బాంగర్ దాటేదాకా వానే.
ఆ రాత్రి ఓడిల్ పుస్తకం తీసి
‘పోయినవి’ అని రాసింది,
కొట్టేసి, ‘ఆ పిల్ల అద్దె’ అని రాసింది.

తర్వాత ప్రభుత్వం తరఫున వచ్చినామె చెప్పింది:
తాత్కాలికంగా వేరే ఇళ్ళలో ఉంటున్న పెద్దపిల్లలున్నారు,
వాళ్ళనైతే ఎవరూ అడగరు,
వకీలు ఫీజు కూడా రాష్ట్రమే ఇస్తుంది.
‘చౌక’ అన్న మాట ఆమె అనలేదు.
నా బుర్రలోనే మోగింది.
తెల్లారేదాకా దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

ఎమెట్ వచ్చేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు.
బట్టలన్నీ చెత్త వేసే నల్లసంచిలో.
సంచి పారేద్దామంటే ఒప్పుకోలేదు,
నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచుకున్నాడు.
చాన్నాళ్ళు అక్కడే ఉంది.
ఎప్పుడు తీసేశాడో మాకు తెలీదు.

జడ్జిగారు సంతకం పెట్టిన వారానికి
సొరుగులో పుస్తకం దొరికింది వాడికి.
"నేనెంత?" అన్నాడు.

ఓడిల్ చేతులనిండా పిండి.
ధర వేరు నాయనా, ఖర్చు వేరు, అని మొదలుపెట్టాను.
నాలుక పొడారిపోయింది.
వాడు వింటేగా!
పెదాలు కదుపుతూ, వేలితో అంకెల మెట్లు దిగుతున్నాడు.
దుంపలు, మంచుబండి, అట్లు, ఆ పిల్ల అద్దె.

"నాలుగో పేజీలో వచ్చిన డబ్బు తప్పు కూడారు" అన్నాడు.
"ఆరూ ఏడూ పదమూడు.
మూడు వేసి, చేతిలో ఒకటి.
ఆ ఒకటీ ఏం చేశారు?"

ఓడిల్ తన చేతులకేసి చూసుకుంది.
తర్వాత నాకేసి.
వాడు పెన్సిల్ నాకి దిద్దాడు.
అప్పట్లో మా దగ్గర
అనుకున్నదానికన్నా పది డాలర్లు ఎక్కువే ఉన్నాయట.

"మరి ఆ పదీ" అన్నాడు ఎమెట్, పుస్తకం మూయకుండా,
"ఇప్పుడెవరివి?"