తడిసిన పేపరు

మా సిరొంచల చెవికి మూడు పేర్లు.
ఇంట్ల చెవి, బడిల కాన్,
ఆకులు తెచ్చే జానోబాయి నోట్లో కెవి.
మా బాపు కుడి చెవికి మాత్రం
మూడేండ్ల సంది ఒకటే పేరు, దురద.

ప్రాణహిత అడుగున వల చిక్కుకుంటే
మునిగి విడిపించేది ఆయనే.
గట్టెక్కి, తల వంచి, ఒంటికాలి మీద ఎగిరితే
కొన్ని నీళ్ళు బయటికొచ్చేవి.
కొన్ని లోపలే కాపురం పెట్టేవి.
అగ్గిపుల్ల, కోడి ఈక, సైకిల్ చువ్వ,
అమ్మ ఎక్కడ దాచినా దొరికే పిన్నీసు.
రాత్రి చెవి వాచి దవడ దాకా సలుపుతుంటే
గోడ దిక్కు తిరిగి
చేపల ధరలు లెక్కేసేటోడు.

నైతామ్ డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది.
"లోపల తడిసిన పేపరు లెక్కనే ఉంది" అన్నది.
తెల్లటి బూజు, దాని మీద నల్లటి అచ్చు చుక్కలు.
బాపుకు చదువు రాదు.
ఇన్నాళ్ళు తన తలకాయలో పేపరు పడి ఉందని విని నవ్విండు.
"ఏం రాసిందట?"

దూది పుల్ల మీద ఆ చుక్కల్ని
గడ్చిరోలి కాలేజీకి మోసుకుపోయిన,
బస్సుల ఆరు గంటలు, ఒళ్ళో పెట్టుకొని.
ఆలుగడ్డ గంజి గడ్డకట్టిన గాజుపళ్ళెంల
మూడోనాటికి మసి పట్టిన మఖ్మల్ మొలిచింది.
రెండో పళ్ళెంల అదే బూజు చల్లి
నడుమ ఒక కాగితం బిళ్ళ పెట్టిన.
బిళ్ళ మీద ఒక్క చుక్క,
జానోబాయి తెచ్చిన వావిలాకు
నీడకు ఎండి, రోట్లో నలిగి,
స్పిరిట్ల నాని దిగిన పచ్చటి సారం.

నాలుగో పొద్దున చూస్తే
బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ.
బూజు అక్కడి దాకా వచ్చి ఆగింది,
గడప ముందు చెప్పులు విడిచినట్టు.
స్కేలు పెట్టి కొలిచిన, పద్నాలుగు మిల్లీమీటర్లు.
పక్కనున్న ఎల్లిపాయ బిళ్ళకు ఇరవై రెండు.
ఆ ముచ్చట జానోబాయికి చెప్పలేదు.

సీసా పట్టుకొని ఊరికి ఉరికిన.
డాక్టరమ్మ వాసన చూసి మూత బిగించింది.
"కర్ణభేరికి చిల్లు పడ్డది.
గాజుకు మంట తెల్వదు, మీ బాపుకు తెలుస్తది.
ఒక్క చుక్క పోసినవంటే ఊరుకోను."
బూజంతా మెల్లగ తీసి, మందు రాసి,
మూడు నెలలు నది బంద్ అన్నది.

జానోబాయి అడగనే అడిగింది,
"నా ఆకు పనిచేసిందా?"
"పళ్ళెంల చేసింది."
"మంచిదే. పళ్ళేనికన్నా నయమైంది."

సీసా దీపం గూట్లో ఉంది, అడుగున పచ్చటి మడ్డి.
బాపు చెవిలో దూది పెట్టుకొని
నావ అంచు మీద కూర్చుంటడు.
వల ఏ బండకు తట్టిందో, ఎటు మునగాలో
పిల్లలకు చెప్తడు.
తన గొంతు తనకే వినపడక
తెలంగాణ ఒడ్డు దాకా అరుస్తడు.