పదహారు కిలోబైట్ల రాకాసి

గుంతకల్లు స్టేషన్ కాడ, టాకీసు సందులో
కుళ్లాయప్ప రేడియో రిపేరు అంగడి.
పేగులు బయటేసుకుని పండుకున్న రేడియోల నడుమ
రబ్బరు మీటల పలక ఒకటి.
చెడిపోయిందని బెంగళూరులో ఎవరో అమ్ముతుంటే
ఒక టేప్‌రికార్డరూ రెండు వందలూ ఇచ్చి తెచ్చినాడంట.
కంప్యూటరంటే గదంత ఉంటుందని
మా సైన్సు అయ్యవారు చెప్పింటే
ఇది సద్దిగిన్నె మూతంత ఉంది.

దాన్ని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి
బావమరిది పెండ్లి క్యాసెట్టు మీద
ఒక ఆట రాసినాడు.
ప్లే నొక్కితే రెండు నిమిషాలు నాదస్వరం,
తర్వాత ఎవరో పెద్దాయన దగ్గు,
ఆ దగ్గు సగంలో ఉండంగానే
వెయ్యి కీచురాళ్లను డబ్బాలో పోసి ఆడించిన రొద.
ఏడు నిమిషాలు. మీట ముట్టకూడదు, తుమ్మకూడదు.
ఆరో నిమిషంలో కరెంటు పోతే
మళ్లా నాదస్వరం కాడ్నుంచి.

బొమ్మల్లేవు. అన్నీ మాటలే,
ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు.

"గుత్తి కోట కింద గవిలో ఉన్నావు.
గబ్బిలాల కంపు. ఉత్తరాన తలుపు.
తలుపుకు అడ్డంగా రాకాసి. ఏం జేస్తావు?"

కత్తి తీసుకో, అని కొట్టినా.
"తీసుకున్నావు. మొండిది. ఎర్రగడ్డ కూడా తెగదు."
రాకాసిని పొడువు.
"రాకాసికి చక్కిలిగిలి. నవ్వుతోంది. నీకూ నవ్వొచ్చింది. కత్తి జారింది."
పారిపో.
"యాడికి?"

దానికి కోపం కాదు, ఆకలి అని తెలిసేసరికి
నా ఏడో తరగతి సగమైపోయింది.
దక్షిణం, దక్షిణం, పడమర, మూడో ప్లాట్‌ఫారం.
ఉగ్గాని బజ్జీ కొను.
"చిల్లర లేదు."
చిల్లర టీసీ జేబులో ఉంది.
ఒక మునిని టికెట్టు అడిగిన పాపానికి
టీసీ రాయైపోయి ఉన్నాడు.
రాతి జేబులో చెయ్యి పెడితే, "సిగ్గు లేదా?"

పదహారు కిలోబైట్లే ఆ పలక బుర్ర.
ముప్పై రెండు మాటలకు మించి పట్టవు.
ఒకటి లోపలికి రావాలంటే ఇంకొకటి లేచి పోవాల,
పాసింజరు బండిలో కిటికీ సీటు మాదిరి.
'ఏడువు' తీసి 'బజ్జీ' పెట్టినాడు.
'రాజు' తీసి 'చిల్లర' పెట్టినాడు.
యువరాణి ఏదన్నా అంటే
"ఆయమ్మకు అక్షరాలెక్కువ మేయ్" అన్నాడు.

ఒక మాపటేళ ఆయన పెండ్లాం వన్నూరమ్మ
సంగటి గిన్నె తెచ్చి, నిలబడి చూసి చూసి
"నన్నూ ఒకటి కొట్టనీ" అనింది.
అక్షరాలు నన్నడిగి, ఒంటివేలుతో
మీట మీట వెతుక్కుంటా కొట్టింది:
వాన.

"ఆ మాట నాకు తెలియదు."

వన్నూరమ్మ టీవీని ఎగాదిగా చూసింది.
"అయితే మన జిల్లాదేలే" అని
గిన్నె పెట్టి పోయింది.

ఆ రాత్రి అంగడిలో లైటు ఆరలేదని
ఎదురు బీడీబంకాయన చెప్పినాడు.
మర్నాడు నేను కొట్టి చూస్తే:
"వాన పడుతోంది. గవిలోనే.
ఎట్ల అని అడగొద్దు.
రాకాసి తడిసింది. తుమ్మింది.
వేడి బజ్జీ ఉందా అంటోంది."

తెచ్చిచ్చినా. తినింది. పక్కకు జరిగింది.
నా చేతులు వణికినాయి.
తలుపు తెరువు.

"ఆ మాట నాకు తెలియదు."

మళ్లా కొట్టినా. అక్షరం అక్షరం చూసుకుని కొట్టినా.
కుళ్లాయప్ప సోల్డరింగు పొగలోంచి తలెత్తకుండా
"యాదో ఒకటి తీయాల కదా మేయ్" అన్నాడు.
మరి తలుపు అవతల ఏముంది?
"యాడ రాసినా? జాగా లేక."

ఇప్పుడు ఆ అంగడి ఉన్న తావులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతారు.
పలక ఏమైందో తెలీదు. క్యాసెట్టు మాత్రం నా కాడుంది.
దాన్ని ఆడించే పెట్టె దొరికినప్పుడు
నాదస్వరం వింటా, దగ్గు వింటా,
కీచురాళ్లు మొదలవుతానే ఊపిరి బిగబడతా,
అలవాటు.
ఆ రొదలో యాడనో
నేనూ రాకాసీ ఆనుకుని కూర్చుని ఉంటాం,
దాని మూతికింకా శనగపిండి,
వాన నిలపమందామంటే
ఆ మాటా లేదు.