జిగురు

బాట్లీలో వాన నిలువుగా పడదు.
కొండ మీంచి అడ్డంగా వచ్చి
మెడ వెనక చల్లటి చెయ్యి పెడుతుంది.

హెప్‌వర్త్ పరుపుల ఫ్యాక్టరీ ముందు కారు ఆపి
ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా కోటు కింద దాచుకుని
లోపలికి పరిగెత్తాను.

ముప్ఫై రెండు స్లైడులు.
అన్నిట్లోనూ గుండ్రంగా తిరిగే బాణాలు,
తమ తోకల్ని తామే తరుముకునే
ఆకుపచ్చ కుక్కపిల్లలు.
తొమ్మిదో దాని దగ్గర
డెనిస్ హెప్‌వర్త్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"బాణాలు బాగానే ఉన్నాయి, పిల్లా.
చెత్తబండి బిల్లు ఎవరు కడతారు?"

నెలకి నాలుగు వేల పౌండ్లు.
కొత్తది దించి పాతది ఎక్కించుకొచ్చిన పరుపులు
పెరట్లో టార్పాలిన్ కింద
తడిసి, ఉబ్బి,
పెళ్ళైపోయినా కదలని చుట్టాల్లా.

సిగ్గేసింది. ల్యాప్‌టాప్ మూసేశాను.
"ఒక కత్తి ఇప్పించండి" అన్నాను.

కత్తి తెచ్చింది జులేఖా.
ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ అంచులు కుడుతోంది.
వాళ్ళ నాన్న భరూచ్ నుంచి
ఈ ఊరి పేలికల మిల్లుకి రాత్రి షిఫ్టు చెయ్యడానికి వచ్చాడట.
కరెంటు పోయినా సరే
వేళ్ళతో తడిమి
ఇది ఉన్ని, ఇది కాదు, అని గుట్టలు వేసేవాడట.

పాత కోటుల్ని పీకి, పోగులు చేసి,
మళ్ళీ వడికి, మళ్ళీ కోటు కుట్టిన ఊరు.
అలాంటి ఊరికి
లీడ్స్ నుంచి బాణాలు మోసుకొచ్చాను నేను.
తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే.

పరుపు పొట్ట కోశాం.
పైన నూలు, కింద ఫోమ్,
దాని కింద ఉన్ని, అట్టడుగున స్ప్రింగులు.
విడివిడిగా ప్రతిదానికీ ఓ ధర ఉంది.
ఏదీ విడిపోదు.
లాగితే ఫోమ్ ఉన్నిని పట్టుకుని చిరుగుతుంది,
ఉన్ని నూలుని పట్టుకుని.
ప్రేమ అనుకునేరు.
జిగురు.

జులేఖా మోకాళ్ళ మీద కూర్చుని
ఎవరితోనో అన్నట్టు అంది:
"మా అమ్మ గోదడీకి జిగురెక్కడుంది?"

మా ఇంట్లో దాన్ని బొంత అంటాం.
నూజివీడులో మా మేనత్త
ఏడు పాత చీరలు పరిచి
దబ్బనంతో, ఎర్రదారంతో కుట్టేది.
ప్రతి ఎండాకాలం కుట్లు విప్పి
పొరలు ఉతికి
చివికిపోయినది తీసేసి, ఇంకోటి పెట్టి
మళ్ళీ కుట్టేది.
ఆ బొంత వయసెంతో ఎవరికీ తెలీదు.
మొదటి చీర ఒక్కటైనా మిగిలిందో లేదో
ఆవిడకే తెలీదు.

డెనిస్ చెవి వెనక పెన్సిలు తీసి
చెక్కముక్క మీద లెక్క వేశాడు.
జిగురు మానేసి కుడితే
పరుపుకి పదకొండు నిమిషాలు ఎక్కువ.
కూలి ఒక పక్క.
తిరిగొచ్చే ఉక్కు, ఉన్ని, తగ్గే చెత్తబండి మరో పక్క.
"ఇంకా మూడు పౌండ్లు నష్టమే."

అవును, అన్నాను.
మొదటి రెండేళ్ళు నష్టమే.
ఈ మాట నా స్లైడుల్లో ఎక్కడా లేదు.

స్కార్‌బరో హోటలు వాళ్ళకి అమ్మొద్దు,
అద్దెకివ్వండి, అన్నాను.
ఎనిమిదేళ్ళకి మీ పరుపు మీ ఇంటికొస్తుంది.
"అద్దె పరుపా!" అని నవ్వాడు.
నవ్వి, దగ్గి, కిటికీలోంచి టార్పాలిన్ వైపు
చాలాసేపు చూశాడు.

"నలభై. అంతకంటే ఒక్కటీ ఎక్కువ కాదు."

సోమవారం మొదటి పరుపు బల్ల దిగింది.
జులేఖా ఒక మూల
జానెడు ఎర్రదారం వదిలేసింది,
ఎనిమిదేళ్ళ తర్వాత
ఎవరి చేతికి వస్తుందో ఈ పరుపు,
ఎక్కణ్ణుంచి విప్పాలో వాళ్ళకి తెలియాలి కదా.

క్వాలిటీ చూసే కుర్రాడు
లోపం అనుకుని కత్తెర తీశాడు.
డెనిస్ వాడి మణికట్టు పట్టుకున్నాడు.