సరి కాని లెక్క

మార్కాపురంలో కరెంటు పోయిన రాత్రి
మూల విరిగిన పలక మీద
ఒక ఆర్గాన్ పరమాణువుకి
వెలుతురుతో వాతలు పెడుతూ కూర్చున్నాను.

ఆ లేజర్‌ని నేను ఏనాడూ చూడలేదు.
దాని అద్దాలు, దాన్ని కాచే చల్లటి గదులు
ఎక్కడో ఉంటాయి.
నాకున్నది అరిగిన బలపం,
కంభం రోడ్డు కార్ఖానాలో
పనికిరాదని పక్కన పడేసిన సరుకు.

వెలుతురు మరీ బలిస్తే పరమాణువు గోడ వంగుతుంది.
బద్దలవదు, వంగుతుంది.
పల్చబడ్డ చోట ఎలక్ట్రాన్
గోడ దూకదు, గోడలోంచే వస్తుంది
కొత్త కుండకి చెమట పట్టినట్టు.
కాస్త దూరం పోయేసరికి
వెలుతురు మాట మారుస్తుంది,
లాగిన చెయ్యే వెనక్కి నెడుతుంది.
చాలావరకు పక్కనుంచి పోతాయి.
ఒకటీ అరా వచ్చి మోదుకుంటే
ఊదా రంగుకి అవతల, కంటికందని రంగులు పుడతాయి.

మూడు, అయిదు, ఏడు.
బేసి రంగులే పుట్టాలి.
నా పలక మీద రెండు, నాలుగు, ఆరు.
అన్నీ సరి. అందుకే ఏదీ సరి కాదు.
ఉమ్మి తడితో, నైటీ అంచుతో తుడిచాను.
మళ్ళీ నాలుగు.

పక్కింటి మాలకొండమ్మ టార్చి వేసుకుని వచ్చింది.
ముప్పయ్యేళ్ళు రాయి చీల్చిన చేతులు.
"ఈ రేత్రప్పుడు ఎవురి లెక్కలమ్మా?"
ఎవరికీ కనపడనంత చిన్నదానివి, అన్నాను.
"కూలెంత?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఉలి ఎక్కడ పెట్టాలో నీకెట్టా తెలిసేది, అనడిగాను.
"బలం జూపిస్తే ముక్కలయిద్ది.
పొర యాడుందో ఇనాల.
చీలినాక రెండు పక్కలా జూడాల తల్లే.
ఒక పక్క నున్నంగుందని మురిసిపోతే
మేస్త్రి కూలి కోస్తాడు."
అంటూనే నా పలక తిరగేసింది.
అటు ఖాళీ.

అల సగం ఇటు లాగితే సగం అటు లాగుతుంది.
నేను ఇటు సగాన్నే రెండుసార్లు రాసుకున్నాను.
ఒక్క మైనస్,
చీమ కాలంత గీత.
పెట్టగానే నాలుగుని నాలుగే తుడిచేసుకుంది,
మూడు లేచి నిలబడింది.

చెబుదామని తలెత్తేసరికి
బ్యాటరీ దండగని టార్చి ఆపి
ఆమె వెళ్ళిపోయింది.

మా ఇళ్ళ మధ్య గోడ ఒంటి ఇటుకది.
తెల్లార్లూ ఆమె దగ్గు,
గరుకు పలక మీద బలపం గీసినట్టు.
గోడ దూకదు.
గోడలోంచే వస్తుంది.