కొక్కెం తిరిగిన ఏడు

మోకాలు మార్పించుకున్న టూర్లైవ్
ఈసారి కొండెక్కలేనన్నాడు.
"పెట్టెలో పెన్సిల్ అరిగిపోయి ఉంటుంది,
పుస్తకానికి తడి పట్టి ఉంటుంది,
కాస్త చూసిరా గూన్‌వోర్" అని
రెండు పెన్సిళ్ళు, ఒక కాగితం చేతిలో పెట్టాడు.
కాగితం మీద
ఉత్తరానికి అరవై ఎనిమిది డిగ్రీలు, తూర్పుకి పదమూడు,
ఆ తర్వాత నిమిషాలు,
నిమిషాల వెనక చిల్లర.

సముద్రంలోంచి నిట్టనిలువునా లేచిన కొండ.
మా ఊరికీ దానికీ మధ్య
కాడ్ చేపలు ఎండేసే కర్రల పందిళ్ళు,
సెప్టెంబరు కదా, ఖాళీగా ఈలవేస్తూ.
పందిళ్ళు దాటితే బర్చ్ పొదలు,
పొదలు దాటితే బురద,
బురద దాటాక దారి లేదు, ఎక్కడమే.
ఇరవై రెండేళ్ళు దీని నీడలో చేపలు తూచాను,
ఒక్కసారీ ఎక్కలేదు.
ఎందుకెక్కాలి? పైన చేపలుండవుగా.

కొంతసేపు నాలుగు కాళ్ళ మీద నడిచాను.
గడ్డి పట్టుకుంటే గడ్డి చేతికొచ్చింది.
ఎవరో కట్టిన నీలం తాడు
(వల తాడే, ముడి చూసి పోల్చుకున్నాను)
దాన్ని నమ్మాను,
నమ్మక ఏం చేస్తాను.
వెనక్కి తిరిగితే మా ఊరు,
ఎర్ర గుడిసెలూ రేవూ పడవలూ అన్నీ కలిపి
నా బూటు ముక్కు కింద పట్టేసింది.

శిఖరం మీద ఫోన్లో బాణం వెర్రెత్తినట్టు తిరిగింది.
నాలుగు మీటర్లంది. తొమ్మిదంది. మళ్ళీ నాలుగంది.
అటు నాలుగు మీటర్లు వేస్తే గాలి,
గాలి కింద ఇంకా గాలి,
దాని కింద నురగ.
కాగితం అడుగున సూచన:
"పక్షులు ఇష్టపడని రాయి."
అన్ని రాళ్ళూ రెట్టలతో తెల్లబడ్డాయి.
ఒక్కటి మాత్రం నల్లగా, పొడిగా,
పిలవని పేరంటానికొచ్చినట్టు పక్కకి ఒదిగి.

చెయ్యి దూర్చాను. నాచు. నాచు వెనక
హెర్రింగ్ ఊరగాయ డబ్బా.
లోపల ఒక కోటు బొత్తాం, తుప్పు గాలం,
తోక కొరికిన ప్లాస్టిక్ డైనోసార్,
ఉబ్బిపోయిన పుస్తకం.

పేర్లు.
ఒసాకా నుంచి ఒకాయన,
"ఇంత నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు" అంటాడు.
లిస్బన్ నుంచి అక్కాచెల్లెళ్ళు, గాలికి టోపీ పోయిందట.
వాంకూవర్ నుంచి దంతవైద్యుడు, కుక్కతో.
కుక్క పేరు కూడా రాశాడు, తూస్సె.

తూస్సె?
టూర్లైవ్ పడవ ముందుభాగంలో కూర్చుని
అలల మీద మొరిగేదే, అదేనా?

అప్పుడు చూశాను తేదీలు.
ఏడు అంకె.
కాలి చివర చిన్న కొక్కెం, లోపలికి తిరిగి,
పట్టింది వదలనట్టు.
ఈ ఏడు నాకు తెలుసు.
చేపల పెట్టెల మీద సుద్దతో రాసిచ్చేవాడు,
నేను లెక్కలోకి ఎక్కించేదాన్ని.
డెబ్బై ఏడు కిలోలంటే రెండు గాలాలు.
ఒసాకా ఆయన ఏడుకీ కొక్కెమే,
అక్కాచెల్లెళ్ళకీ, పళ్ళ డాక్టరుకీ,
ఏడు వెనక ఏడు
పదిహేడేళ్ళు.

ఒక్క పేజీ తప్ప.
పెద్ద పెద్ద వంకర అక్షరాలు:
"డైనోసార్‌ని వదిలి వెళ్తున్నా. దీనికి చీకటంటే భయం లేదు."
ఆ పిల్ల ఏడు అద్దంలోలా తిరగబడి ఉంది.
ఆ పేజీ మూల మాత్రం
వేళ్ళు తగిలీ తగిలీ
పాత నోటులా మెత్తబడింది.

ఒక్కదాన్నే నవ్వాను. గాలి నోట్లో దూరింది.
తర్వాత నవ్వలేదు.
కొత్త పెన్సిల్‌తో నా పేరు రాశాను, తేదీ వేశాను.
అందులో ఏడు లేదు, బతికిపోయాను.

దిగేసరికి గుమ్మంలో కర్ర ఊతంతో నిలబడున్నాడు.
"కొత్తగా ఎవరైనా వచ్చారా?"
"ఒకావిడ."
"ఎక్కడి నుంచి?"
"కింద నుంచి."

కాసేపు సముద్రం వైపు చూశాడు.
పెన్సిళ్ళు రెండూ సరిపోయాయా అన్నాడు.
ఒకటి మిగిలిందని ఇచ్చాను.
చెవి వెనక పెట్టుకున్నాడు,
సుద్దముక్క పెట్టుకున్నట్టే.